అక్క చేత మాన్పించిన సోమవారం పొదుపు

మా స్టాఫ్‌రూముకి ఎవరైనా కొత్తగా వస్తే, మొదటి జీతం అందిన వారంలోనే నా బల్ల దగ్గరికి వస్తారు. "సార్, రోజుకి పదో ఇరవయ్యో దానంతటదే కోసుకుని ఫండ్లలో పెట్టే యాప్ ఉందంట కదండీ. మంచిదేనంటారా?" అని అడుగుతారు. నేను తెనాలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. ఇలాంటివి అడగడానికి నాకంటే తగినవాడు లేడని వాళ్ళ నమ్మకం. ఒకప్పుడు నా నమ్మకం కూడా అదే. ఇప్పుడు "నన్నడక్కండమ్మా" అనేసి పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంటాను. మొన్న ఒక ఇంగ్లీషు మేడం, చిన్నపిల్ల, వదలకుండా మూడోసారి అడిగింది. అరిచేశాను. ఆ పిల్ల మొహం ఇంతయిపోయింది. తప్పు నాదే. ఆమెకి చెప్పాల్సిన జవాబు ఇక్కడ చెబుతున్నాను.

యాప్ మంచిదే. అది నన్ను మోసం చెయ్యలేదు, పైసా తినలేదు, చెప్పినట్టే చేసింది. జీతం వచ్చిన పదో తారీఖుకల్లా జేబు దులిపేసుకునే కుర్రాళ్ళకి అంతకంటే మంచిది లేదు. ఇరవై రూపాయలు పోయినట్టు కూడా తెలియదు, ఏడాది తిరిగేసరికి ఎంతో కొంత కనపడుతుంది. నేను పోగొట్టుకున్నది డబ్బు కాదు. మా అక్కని పోగొట్టుకున్నాను. అది యాప్ చేసిన పని కాదు, నా తెలివి చేసిన పని.

మా అక్క నాకంటే పద్నాలుగేళ్ళు పెద్దది. మాది చుండూరు దగ్గర పల్లె. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. కూలికి వెళ్ళే నాన్న ఆ తరవాత రెండేళ్ళు కూడా బతకలేదు. అప్పటికే పెళ్ళై రేపల్లె వెళ్ళిన అక్క వచ్చి నన్ను చంకనేసుకుని తీసుకుపోయింది. బావ ఒక్క మాట అనలేదు, అంత మంచివాడు. ఆ మంచివాడు కామెర్లు వచ్చి పోయాడు. పిల్లల్లేరు. చర్చి వీధిలో ఒక గది, ఒక వరండా అద్దెకి తీసుకుని అక్క కుట్టు మిషను ముందు కూర్చుంది. ఆ చుట్టుపక్కల పెళ్ళి జాకెట్లన్నీ ఆమె చేతి కిందనుంచే వెళ్ళేవి.

బాపట్లలో నేను బీకాం చదివేటప్పుడు ప్రతి నెలా మొదటి శనివారం బస్సు దిగి హాస్టలు గేటు దగ్గరికి వచ్చేది. చేతిలో గోంగూర పచ్చడి సీసా, జాకెట్టులో చేతిరుమాలు మడత, మడతలో మెస్సు డబ్బు. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. "నీ స్నేహితులు చూస్తే ఏమనుకుంటారోలే, ఈ నలిగిన చీరతో" అనేది. నాకు లోపల్లోపల సిగ్గుగానే ఉండేది, అందుకే రెండోసారి పిలిచేవాణ్ణి కాదు. నన్నూ నా మొహాన్నీ తగలెయ్య. రిక్షాకి డబ్బులు దండగని బస్టాండుకి నడిచే వెళ్ళేది. ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చేదో చెబితేనే మిగతా సంగతి అర్థమవుతుంది.

రేపల్లెలో మా చర్చి స్త్రీల సమాజానికి సోమవారం పొదుపు అని ఒకటుంది. సోమవారం సాయంత్రం నాలుగింటికి చర్చి పక్కన హాల్లో చాపలు పరుచుకుని కూర్చుంటారు. ఒక పాట, ఒక ప్రార్థన, ఆ తరవాత మనిషికి ఇరవై రూపాయలు ఒక రేకు డబ్బాలో వేస్తారు. అవసరమైన వాళ్ళు అందులోంచి అప్పు తీసుకుంటారు. డబ్బా ఒక పెద్దామె దగ్గర ఉంటుంది. భట్టిప్రోలు నుంచి కోడలిగా వచ్చిన మనిషి, నాట్లకీ కోతలకీ వెళ్ళి బతికింది, వేలిముద్ర తప్ప సంతకం రాదు. పేరు పెట్టి ఎవరూ పిలవరు. పిల్లలకీ పెద్దలకీ ఆమె డబ్బా అత్త.

డబ్బా అత్త పెట్టిన కట్టుబాటు ఒకటుంది. సోమవారం ఎవరైనా రాకపోతే, దీపాలు పెట్టే వేళకల్లా ఆమె డబ్బా చంకనేసుకుని ఆ ఇంటికి వెళ్తుంది. డబ్బు లేదంటే ఏమీ అనదు, తన కొంగుముడి విప్పి ఇరవై వేసేస్తుంది, తరవాత తిట్టి తిట్టి వసూలు చేసుకుంటుంది. కానీ మనిషి మొహం చూడకుండా ఆ వారం డబ్బాకి తాళం పడదు. "డబ్బు రాకపోతే రాకపోయె, మనిషెందుకు రాలేదో తెలవొద్దా?" అంటుంది. అలా వెళ్ళి జ్వరంతో పడున్న వాళ్ళకి జావ కాచి పోసి వచ్చింది, మొగుడితో గొడవపడి తలుపేసుకున్న ఒకావిడని కిటికీలోంచి తిట్టి బయటికి లాక్కొచ్చింది. నా బాపట్ల మెస్సు డబ్బు, ఆ తరవాత నా ఎమ్.కామ్ ఫీజు, అక్క ఆ డబ్బాలోంచే తెచ్చి వారం వారం తీర్చింది. అంటే నేను చదివిన చదువు ఆ రేకు డబ్బా పెట్టిన భిక్ష. ఆ చదువుతోనే ఆ డబ్బా పనికిరాదని తేల్చాను.

మా స్టాఫ్‌రూములో అందరం ఆ యాప్ మోజులో ఉన్న రోజులవి. టీ తాగుతూ ఒకళ్ళ ఫోను ఒకళ్ళకి చూపించుకుని గీత పైకి పోతుందా కిందకి పోతుందా అని చూసుకునేవాళ్ళం. ఒక ఆదివారం రేపల్లె వెళ్ళినప్పుడు అక్క ముందు కూర్చుని, గోడ క్యాలెండరు కాగితం ఒకటి చించి, దాని వెనక లెక్క వేశాను.

"సోమవారం రెండు గంటలు అక్కడ కూర్చుంటావు. రెండు గంటల్లో ఎన్ని కుడతావు?"

"పనితనం లేనిదైతే ఒక జాకెట్టు."

"ఆ జాకెట్టుకి ఎంత తీసుకుంటావు? అంత పోగొట్టుకుని ఇరవై రూపాయలు దాచి వస్తున్నావు. అది పొదుపంటారా ఎవరైనా? పైగా ఆ డబ్బా వడ్డీ ఏమన్నా పెడుతుందా?"

"వడ్డీ ఏంట్రా, అత్త టీ పెడుద్ది" అని నవ్వింది అక్క.

నాకు ఒళ్ళు మండింది. క్లాసులో చెప్పేంత గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. వారానికి ఇరవై కాదు, రోజుకి ఇరవై పోతుంది, నువ్వు వేలు కదపక్కర్లేదు, ఎక్కడికీ నడవక్కర్లేదు, పొద్దున్నే దానంతటదే కోసుకుంటుంది, అంచులు కుట్టే కొత్త మిషను కావాలంటున్నావు కదా, ఏడాదికల్లా వచ్చేస్తుంది. అక్క దారం తెంపుకుంటూ వింది. "నాకే పాఠం చెప్తున్నావంట్రా? నీకు ఎక్కాలు నేర్పింది నేను" అంది. మళ్ళీ దారం అందుకుని, "సర్లే. చదువుకున్నోడివి, నువ్వు చెప్తే కాదంటానా" అంది. నా మాటకి ఆమె ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఆ ఒక్కసారి చెప్పి ఉంటే ఎంత బాగుండేది దేవుడా.

అక్క బ్యాంకు ఖాతాకి మొదటినుంచీ నా రెండో సిమ్ నంబరే ఇచ్చి ఉంది. ఆమె జాకెట్టు డిజైన్ల బొమ్మలు చూడడానికి తప్ప ఫోను ముట్టుకోదు. కాబట్టి అక్క పేరు మీద యాప్ కూడా నా ఫోనులోనే పెట్టాను. కుట్టుకూలి నోట్లని అక్క నెలకోసారి బ్యాంకులో వేసి వచ్చేది. అందులోంచి రోజూ పొద్దున ఎనిమిదింటికి ఇరవై రూపాయలు తెగేవి, నా ఫోనుకి మెసేజి వచ్చేది, "ఈ రోజు పొదుపు పూర్తయింది" అని. అక్క చెయ్యాల్సింది ఏమీ లేదు. అదే దాని గొప్ప అని నేనే అందరికీ చెప్పేవాణ్ణి.

మధ్యలో ఒక నెల మార్కెట్టు పడింది. సంగతి చెబితే అక్క ఫోనులో గొల్లున మొత్తుకుంది. "నా ఇరవైలో ఎవడు తిన్నాడ్రా మూడు రూపాయలు? డబ్బాలో వేసిన ఇరవై ఎప్పుడూ ఇరవయ్యే ఉండేది!" నవ్వలేక చచ్చాను. ఓపిక పట్టమన్నాను. పట్టింది. మళ్ళీ పెరిగింది కూడా.

సోమవారం పొదుపులోంచి అక్క పేరు తీసేసి, ఆమె వాటా ఆమె చేతికిచ్చేశారు. అయినా డబ్బా అత్త సోమవారం సాయంత్రం రావడం మానలేదు. "ఇవాళ కూడా వచ్చి కూర్చుని వెళ్ళిందిరా పాపం. కాళ్ళు అలవాటు పడ్డాయంట, వాటంతటవే ఇటు తిరిగాయంట" అని అక్క చెప్పేది. ఒకసారి, రెండుసార్లు విన్నాను. మూడోసారి నాకు చిరాకేసింది. ఏ రెండు గంటలు మిగిలాయని నేను లెక్కగట్టానో అందులో గంట ఈమె కబుర్లకే పోతుందే అనిపించింది.

"ఇంకెందుకొస్తుంది ఆవిడ? నీ పని చెడగొట్టడానికి కాకపోతే? రావద్దని చెప్పు."

"అంత మాట ఎలా అంటాన్రా? అత్త ఏమనుకుంటది?"

"తమ్ముడు కోప్పడుతున్నాడని చెప్పు. నా పేరు చెప్పు, నాకేం భయం."

ఆ తరవాత సోమవారం నేనే గుర్తుపెట్టుకుని ఫోను చేసి అడిగాను. "చెప్పాన్లే" అంది అక్క, అంతే. గొంతు బాగా లేదు. నేను పట్టించుకోలేదు. మాట నెగ్గించుకున్న మగవాడికి ఎదుటి మనిషి గొంతు వినపడుతుందా?

ఇంకొకటి జరిగింది. చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. అంతకుముందు రోజూ సాయంత్రం అక్కకి ఫోను చేసేవాణ్ణి. తిన్నావా, బీపీ మాత్ర వేసుకున్నావా, అంతే, రెండు నిమిషాలు. మెసేజి రావడం మొదలయ్యాక ఆ ఫోన్లు పలచబడ్డాయి. పొద్దున ఎనిమిదింటికి ఫోను టింగుమనగానే "మా అక్క లేచింది" అనేవాణ్ణి మా ఆవిడతో. మొదట వేళాకోళానికి అన్నాను, తరవాత తరవాత నిజంగానే అలా అనిపించేది. ఇరవై తెగాయంటే అక్క బాగున్నట్టే, మిషను మీద కూర్చున్నట్టే. ఖాతాలో డబ్బుంది గనక తెగుతుంది, మనిషి ఊపిరితో దానికేం పని? ఈ మాత్రం ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లాడు చెబుతాడు. నేను వాళ్ళ లెక్చరర్ని.

ఆ ఆదివారం అక్క గుడికి (చర్చిని మేం గుడే అంటాం) వెళ్ళింది, కానుక వేసింది, ఇంటికొచ్చి అన్నం తింది. రాత్రికి నేను ఫోను చెయ్యలేదు. సోమవారం పొద్దున ఇడ్లీ తింటుంటే మెసేజి వచ్చింది. "అక్క లేచింది" అన్నాను. ఆ రోజంతా కాలేజీలో స్లిప్ టెస్టులు. మంగళవారం పొద్దున మెసేజి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే మాట అన్నాను. పదిన్నరకి రేపల్లె నుంచి ఫోను. పెళ్ళి జాకెట్లకని వచ్చిన ఒకావిడ, పిలిస్తే పలకలేదని తలుపు తోసి చూసిందట. మిషనుకీ మంచానికీ మధ్య నేల మీద ఉందట అక్క.

తెనాలి నుంచి రేపల్లెకి ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. దారంతా కాలవ పక్కనే. ఆటో అతను ఏదో అడుగుతున్నాడు, నేను ఏదో చెబుతున్నాను. భట్టిప్రోలు దాటాక ఒకచోట ట్రాక్టరు అడ్డమొస్తే దిగి వాడి మీద పడి అరిచానట. నాకు గుర్తులేదు, ఆటో అతనే తరవాత చెప్పాడు.

తలలో నరం చిట్లి ప్రాణం పోయిందన్నారు ఆసుపత్రిలో. డాక్టరు చిన్నవాడే, నా వయసు కూడా ఉండదు. ఎప్పుడు పడిపోయి ఉంటుందండీ అని అడిగాను. సోమవారం పొద్దున లేచాక పడి ఉండొచ్చన్నాడు. ప్రాణం వెంటనే పోలేదన్నాడు, ఒంటిని చూస్తే అర్ధరాత్రి దాటేదాకా ఉండి ఉంటుందన్నాడు. "మరి సాయంత్రం తీసుకొచ్చి ఉంటే?" అన్నాను. ఆయన కలం మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. "చెప్పలేమండి. చాలామంది బయటపడతారు" అన్నాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పాడు. మూడోసారి అడగబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

సోమవారం సాయంత్రం నాలుగింటికి ఏం జరుగుతుంటుందో నాకు తెలుసు. మూడిళ్ళ అవతల హాల్లో చాపల మీద ఆడవాళ్ళు కూర్చుని పాట పాడుతుంటారు. ఆ పాట అక్క గదిలోకి వినపడుతుంది. నేల మీద పడి ఆమె విన్నదో లేదో నాకు తెలియదు. వినకుండా ఉంటే బాగుండునని ఇప్పటికీ దేవుణ్ణి అడుగుతుంటాను.

బుధవారం మట్టి చేశాం. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఫోను టింగుమంది. మా ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కుని లోపలికి పోయింది. మరుసటి వారం కాగితాలు పట్టుకెళ్ళి బ్యాంకులో ఇచ్చేదాకా రోజూ వస్తూనే ఉంది. నామినీగా నా పేరే ఉండడంతో యాప్‌లో డబ్బు కూడా ఇబ్బంది లేకుండా వచ్చేసింది. మిషను కొనడానికి సరిపోతుంది, పైన కొంచెం మిగులుతుంది కూడా. నేనాడు క్యాలెండరు వెనక వేసిన లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

ఎనిమిదో రోజు చర్చి హాల్లో ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పారు. మా కాలేజీ వాళ్ళు తెనాలి నుంచి వచ్చారు. అక్క ఎంత కష్టపడి నన్ను చదివించిందో ఒకాయన లేచి చెబుతుంటే అందరూ నా వైపు చూసి తలలూపారు. భోజనాలు అయ్యాక డబ్బా అత్త గోడ పట్టుకుని నడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. వారంలోనే సగమైపోయింది మనిషి.

"అయ్యా, నీతో ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే నేను చావలేను" అంది.

కుర్చీ జరిపితే కూర్చోలేదు.

"ఆ సోమారం కూడిక అయినాక డబ్బా చంకనేసుకుని మీ అక్క ఇంటి ముందు నుంచే పోయానయ్యా. తలుపు దగ్గరికేసుంది. మిషను చప్పుడు లేదు. ఈయేళప్పుడు మిషను ఆగడమేంటి అనుకున్నా. మెట్టెక్కా కూడా. తట్టబోయి ఆగిపోయా."

"ఎందుకాగావత్తా?" అన్నాను. నాకు తెలిసి కూడా అడిగాను.

"రావద్దందిగా మీ అక్క. ఎంత ప్రేమగా చెప్పిందని! 'అత్తా, నీకసలే మోకాళ్ళ నొప్పులు, నా కోసం ఈ మెట్లు ఎక్కి దిగమాక, ఆదివారం గుళ్ళో నేనే కనపడతాగా' అంది. నా మోకాళ్ళు చూసి జాలిపడి చెప్పిందయ్యా మా తల్లి. చెప్పినా వినకుండా వచ్చిందే అని నొచ్చుకుంటదేమోనని ఎనక్కి తిరిగా. ముప్పయ్యేళ్ళు తట్టిన తలుపు. ఆ ఒక్కనాడు తట్టలేదు. తట్టినట్టయితే బతికేది. నా చేతులారా చంపుకున్నానయ్యా. నన్ను చమించు."

నా పేరు చెప్పమని నేనే అన్నాను. అక్క చెప్పలేదు. తమ్ముడు చెడ్డవాడనిపించుకోకూడదని ఆ ముసలామె మోకాళ్ళ మీదికి నెట్టి, నన్ను దాచేసింది. అత్తా, నువ్వు కాదు, ఆ మాట నేను చెప్పించాను అనాలి. నోటిదాకా వచ్చింది. హాల్లో మా ప్రిన్సిపాల్ ఉన్నాడు, అయ్యగారు ఉన్నారు, అక్కకి దేవుడిచ్చిన కొడుకు లాంటి తమ్ముడని ఇందాక నన్ను పొగిడిన వాళ్ళంతా ఉన్నారు.

"ఊరుకో అత్తా. నీ తప్పేం లేదు" అన్నాను.

"అలా కాదయ్యా. చమించానని ఒక్క మాటను. నాకు నిద్ర పట్టట్లేదు."

"క్షమించానత్తా" అన్నాను.

ఆమె ఏడుస్తూనే చెయ్యి నా తల మీద పెట్టి, ఈ బిడ్డని చల్లగా చూడు తండ్రీ అని నా కోసం ప్రార్థన చేసింది. నేను కళ్ళు మూసుకుని తల వంచి నిలబడ్డాను. చివర్న ఆమేన్ కూడా అన్నాను.

అది జరిగి ఏడాది దాటింది. ఈ మధ్యలో నాలుగైదుసార్లు రేపల్లె వెళ్ళాను, రెండుసార్లు ఆమె ఇంటి దాకా వెళ్ళి టీ తాగి వచ్చాను, చెప్పలేదు. ఇప్పుడు ఇదంతా రాశాను. అత్తకి చదవడం రాదు. రాదని తెలుసు గనకే రాయగలిగాను.